ఏడుకొండలు మెరుపు

తాళ్ళూరి ఫణిభూషణ్ తన చెవి ఎత్తుకుపోయాడని ఏడుకొండలు అద్దంకి బస్టాండులో టీ తాగే ప్రతివాడికీ చెప్పాడు. ఏడాదికి పైగా చెప్పాడు. వినేవాళ్ళు ముందు అతని తలకు రెండువైపులా చూసేవాళ్ళు. రెండు చెవులూ ఉన్నచోటే ఉండేవి. "ఉన్నయ్యిగా బాబాయ్" అని ఎవరైనా నవ్వితే, "తోలుందిరా. లోపల సరుకు గుంటూరు పోయింది" అనేవాడు.

ఆ మాటలో అబద్ధం లేదు. అసలు సంగతి మొత్తం మాత్రం లేదు.

ఏడుకొండలుకి నలభై తొమ్మిదేళ్ళు. ఏడో తరగతిలో లెక్కల మాస్టారు గోడకుర్చీ వేయిస్తే, ఆ కుర్చీలోంచి లేచి నేరుగా బయటికి నడిచాడు. వీధి చివర పెళ్ళింటికి మైకు సెట్టు కడుతుంటే అక్కడ ఆగాడు. చదువూ అక్కడే ఆగింది. అప్పట్నించీ హారన్లు మోశాడు, వైర్లు చుట్టాడు, చివరికి మిక్సరు ముందు కుర్చీ సంపాదించాడు. పద్య నాటకానికి మైకు పెట్టాలంటే బాపట్ల నుంచి వినుకొండ దాకా అతని పేరే చెప్పేవాళ్ళు. పద్యం నడిచేటప్పుడు నటుడి గొంతు ఒక్కసారిగా ఆకాశానికి లేస్తుంది. వెనకాల మైకు మనిషి ఆదమరిస్తే స్పీకర్లు పగిలినట్టు అరుస్తాయి. ఏడుకొండలు దగ్గర ఎన్నడూ అరవలేదు. గొంతు లేవడానికి అర క్షణం ముందే అతని వేలు కిందికి దిగేది.

మూడేళ్ళ కిందట నాటక పరిషత్తు పోటీల్లో ఫణిభూషణ్ చూసింది ఆ వేలినే. గుంటూరు బైపాసు పక్కన ధ్వని మీద పరిశోధన చేసే ల్యాబు అతనిది. విదేశీ చదువు, బక్క మనిషి, జేబులో ఎప్పుడూ చిన్న నోటు పుస్తకం.

"ఏడుకొండలు గారూ, ఆయన గొంతు పైకి పోకముందే మీ వేలు కదిలింది. ఎలా తెలిసింది?"

"తెలిసుద్దండీ."

"అదే, ఎలా?"

"మీకు తుమ్ము వచ్చేముందు తెలవదా. అట్టా."

ఫణిభూషణ్ ఆ తుమ్ము మాట కూడా పుస్తకంలో రాసుకున్నాడు.

నెల తిరక్కుండా ఏడుకొండలు గుంటూరు ల్యాబులో ఉన్నాడు. తోడుగా అక్క వజ్రమ్మ కూతురు కృష్ణలీల వెళ్ళింది. ఆ పిల్ల అప్పుడు డిగ్రీ ఆఖరు సంవత్సరం. పదేళ్ళ వయసు నుంచీ సెలవు దొరికితే మేనమామ మిక్సరు పక్కన ఖాళీ నూనె డబ్బా బోర్లించుకుని కూర్చునేది. ఇంగ్లీషు కాగితాలు చదివి చెప్పడానికని అతను వెంటబెట్టుకెళ్ళాడు గానీ, ల్యాబు గుమ్మం దాటగానే ఎవరు ఎవరికి తోడో తెలియకుండా పోయింది.

అక్కడ ఒక గది ఉంది. నాలుగు గోడలకీ, పైకప్పుకీ, నేలకీ కూడా మూరెడు పొడుగు స్పాంజి ముళ్ళు. నడవడానికి మధ్యలో తీగల వల. ఏడుకొండలు చప్పట్లు కొట్టాడు. చప్పుడు చేతుల్లోంచి బయటికి రాకుండానే చచ్చిపోయింది. మళ్ళీ కొట్టాడు. గొంతు సవరించుకుని "హలో, హలో" అన్నాడు. ముప్పై మూడేళ్ళుగా అన్న ఆ మాట తనకే ఎవరిదోలా వినిపించింది. కాసేపు కదలకుండా నిలబడితే మెడ తిప్పినప్పుడు ఎముక గీరుకున్న చప్పుడు, కణతల్లో రక్తం పోతున్న చప్పుడు వినపడ్డాయి.

"లీలా, ఇట్రా. నా లోపల మోటారు తిరుగుతుందే."

"నాకూ తిరుగుతుంది మావయ్యా. నీదానికన్నా కొత్త మోటారు."

ఆ పూటంతా మామాకోడళ్ళు ఆ గదిలోంచి బయటికి రాలేదు.

ఫణిభూషణ్ చెయ్యదలచుకున్నది ఒక పెట్టె. దాని పేరు కర్ణిక. హాలు గోడలకు అరచేతులంత స్పీకర్లు వందో రెండొందలో తగిలిస్తారు. పెట్టె ఒక్కో కుర్చీలో మనిషి చెవి దగ్గరికి ఎంత ధ్వని చేరుతోందో కొలిచి, తక్కువైన చోట సన్నటి ధారగా అంతమేరకు పోస్తుంది. ముందు వరసవాడికీ, ఆఖరి వరసలో స్తంభం చాటువాడికీ ఒకటే వినికిడి. ఎవరి చెవీ నొప్పి పుట్టదు. అయితే ఎంత పోస్తే చాలు అని పెట్టెకి ఎవరు చెప్పాలి? అందుకు ఒక మనిషి చెవి కావాలి. ఆ చెవి తృప్తి పడే కొలతే అన్ని చెవులకూ కొలత.

ముందు చెవి పరీక్ష. అద్దాల గదిలో కూర్చోబెట్టి, చెవులకు డిప్పలు తగిలించి, కూత వినపడినప్పుడల్లా వేలెత్తమన్నారు. అద్దం అవతల సుగుణమ్మ అనే ఆవిడ మీటలు నొక్కుతోంది. గట్టి కూతలు, మెత్తని కూతలు, లావు కూతలు అన్నీ వినపడ్డాయి. తరవాత ఏమీ వినపడలేదు.

ఏడుకొండలుకి అది కొత్త కాదు. పదిహేడేళ్ళ కిందట కోటప్పకొండ తిరునాళ్ళలో ఒక ప్రభ బండి మీద, నాలుగు హారన్ల నడుమ కూర్చుని పని చేశాడు. దిగాక చెవుల్లో సన్నటి ఈల మూడు రోజులు మోగి ఆగింది. ఆ ఈలతో పాటు మరేదో కూడా ఆగిపోయిందని తెలియడానికి ఏడాది పట్టింది. తాళాలు కొడితే వాటి మోత నాలుగు లెక్కపెట్టేసరికి అయిపోయేది. కీచురాళ్ళు ఊళ్ళోంచి వెళ్ళిపోయాయి. మైకు కూత పెట్టబోయే ముందు వచ్చే సన్నటి గీర తెలిసేది కాదు.

ఎవరికీ చెప్పలేదు. వంటవాడికి నాలిక పోయిందంటే పెళ్ళి భోజనాలు చెప్పేవాడుంటాడా? కళ్ళతో వినడం నేర్చుకున్నాడు. పద్యం పైకి లేచేముందు మెడ నరం ఉబ్బుతుంది, హార్మోనియం మీద వేళ్ళు దగ్గరికి ముడుచుకుంటాయి, తబలా అతని మోచెయ్యి ఒళ్ళో నుంచి లేస్తుంది. వీటన్నిటికీ మించి కృష్ణలీల ముక్కు ఉంది. సన్నటి గీర మొదలవగానే నూనె డబ్బా మీది పిల్ల ముక్కు ముడిచేది. అది చూసి అతను మీట తగ్గించేవాడు. ఇంటి దగ్గర తాళాలు కొట్టి "మోత ఆగినప్పుడు చెప్పవే" అంటే, "ఇంకా ఉంది, ఇంకా ఉంది" అంటూ పదకొండు దాకా సాగదీసేది. నీ చెవి పరీక్ష చేస్తున్నా అనేవాడు. ఆ పిల్ల ఆటనుకుంది.

ఇప్పుడు అద్దం అవతల చూశాడు. సుగుణమ్మ చేతికి ఆకుపచ్చ గాజులున్నాయి. ఆవిడ మీట నొక్కిన ప్రతిసారీ గాజులు మణికట్టు నుంచి బెత్తెడు వెనక్కి జారుతున్నాయి. గాజు జారినప్పుడల్లా ఏడుకొండలు వేలెత్తాడు.

కాగితం బయటికొచ్చింది. దాని మీద గీత తాడు పట్టి కొట్టినంత తిన్నగా ఉంది. ఫణిభూషణ్ దాన్ని వెలుతురుకి పట్టి చూసి, "ముప్పై మూడేళ్ళు హారన్ల మధ్య బతికినవాడి చెవి ఇలా ఉండటం నేను పుస్తకాల్లో కూడా చదవలేదు" అన్నాడు.

"కొంతమందికి అంతేనండీ" అన్నాడు ఏడుకొండలు.

అగ్రిమెంటు కృష్ణలీల చదివింది. పరీక్షలో లోపమేదీ దాచలేదని, దాచినట్టు తేలితే తీసుకున్నదంతా తిరిగి ఇవ్వాలని అయిదో పేజీలో ఉంది. ఆ వాక్యం చదివి "ఇది నీకు వర్తించదులే" అని పేజీ తిప్పేసింది. అతను సంతకం పెట్టాడు. ఆ వచ్చిన సొమ్ముతో సింగరకొండ దారిలో చేను కొన్నాడు. వాళ్ళ ఇంట్లో ఏడు తరాల్లో భూమి పేరున కాగితం ఉన్నవాడు అతనొక్కడే.

నలభై రోజులు తలకి తీగల టోపీ పెట్టుకుని పాటలు, పద్యాలు, ఉపన్యాసాలు విన్నాడు. బాగున్నప్పుడు మెదడులో ఏ మూల ఏం మెరుస్తుందో పెట్టె రాసుకుంది. ఆ నలభై రోజులూ కృష్ణలీల ల్యాబంతా తిరిగి అడగని ప్రశ్న లేదు.

"ఈ పనిలో ఎన్ని రకాల ఉద్యోగాలుంటాయి సార్? మా ఊళ్ళో అయితే మైకు మనిషి అంటే అన్నీ ఆయనే, ఆఖరికి జనరేటరులో డీజిలు పోసేది కూడా."

"హాలు మధ్యలో కూర్చుని జనం కోసం కలిపేవాళ్ళు వేరు" అన్నాడు ఫణిభూషణ్. "స్టేజీ పక్కన ఉండి పాడేవాడికి తన గొంతు తనకి వినిపించేలా చూసేవాళ్ళు వేరు. వాళ్ళకి ఓపిక ఎక్కువ కావాలి, తిట్లు పడాలి కాబట్టి. స్పీకర్లు ఎక్కడ, ఏ వాలుతో వేలాడదీయాలో లెక్కలు వేసేవాళ్ళు ఇంకొకరు. రికార్డింగు గదుల్లో వాళ్ళు సరేసరి. నీకు ఏది కావాలి?"

"జనం మధ్యలో కుర్చీ."

ఈ మాట ఇంటికి చేరేసరికి వజ్రమ్మ తమ్ముడి మీద విరుచుకుపడింది. "నువ్వు చెడింది చాలక పిల్లని కూడా వైర్లు చుట్టిస్తావా?"

"వైర్లు చుట్టడం కాదక్కా, ఇంజినీరింగంట. గుంటూరులో కోర్సుంది. కుర్చీలో కూర్చుని చేసేదే."

"నువ్వూ కుర్చీలోంచే లేచొచ్చావుగా, గోడకుర్చీ."

అయినా కృష్ణలీల కోర్సులో చేరింది. ఆర్నెల్లలో పెట్టె బయటికొచ్చింది. ఫణిభూషణ్ ఏడుకొండలును పిలిచి తెర మీద ఒక గీత చూపించాడు. మధ్యలో ఒకచోట కొండలా లేచింది.

"ఇక్కడ చూడండి. నాలుగు వేల నుంచి ఆరు వేల కంపనాల మధ్య ఇంత ధ్వని ఏ ఇంజినీరూ పెట్టడు. మీ చెవి అడుగుతోంది. మొదట పొరపాటేమో అనుకున్నాను. కానీ మీ పరీక్ష కాగితంలో గీత తిన్నగా ఉంది కదా. అంటే ఇది లోపం కాదు, అభిరుచి. జనానికి కూడా ఇదే నచ్చుతోంది. ల్యాబులో మేం దీన్ని ఏడుకొండలు మెరుపు అంటున్నాం."

ఏడుకొండలు ఆ కొండ వైపు చూశాడు. ఆ కొండ ఏమిటో అతనికి తెలిసినట్టే అనిపించింది. పేరు మాత్రం బాగుంది. ఇంతవరకు అతని పేరు మిక్సరు డబ్బా మీద తెల్లరంగుతో తప్ప ఎక్కడా రాసి లేదు. "చల్లగా ఉంది, టీ ఏమన్నా దొరుకుద్దా" అన్నాడు.

పెట్టె మీద మాత్రం ఏడుకొండలు పేరు లేదు. తాళ్ళూరి వారి కర్ణిక అని ఉంది. ఏడాది తిరిగేసరికి ఫంక్షన్ హాళ్ళు, పరిషత్తు హాళ్ళు, వెయ్యిమంది పిల్లలకి ఒకేసారి పాఠం చెప్పే కోచింగు కాలేజీలు, అన్నిచోట్లా రెండు వందల పన్నెండు పెట్టెలు బిగించారు. ఏడుకొండలును పిలిచేవాళ్ళు తగ్గి, తరవాత ఆగిపోయారు. తన చెవే తన అన్నం తినేస్తోందని బస్టాండులో చెప్పుకోవడం అప్పుడు మొదలైంది.

కృష్ణలీలకి కోర్సవగానే అద్దంకి పరిషత్తు హాల్లోనే ఉద్యోగమిచ్చారు. పద్నాలుగు నెలలు రోజూ పెట్టె పక్కనే కుర్చీ. పని బాగా చేస్తోందని, రాష్ట్రమంతా నూరు ఊళ్ళు తిరిగే సంగీత యాత్రకి ఆమెనే ఇంజినీరుగా వేశారు. సోమవారం బయల్దేరాలి. ఆ లోగా ఇదే హాల్లో మూడు రోజుల నాటక పోటీలు.

గురువారం పొద్దున పది గంటలకి రెండో నాటకం. కళింగపట్నం నుంచి బెండి జగన్నాథం అనే పెద్దాయన రాజు వేషం కట్టాడు. హార్మోనియం అతనిదీ కళింగపట్నమే. జగన్నాథం మనవరాలు, మూడేళ్ళ పిల్ల, ముందు వరసలో తల్లి ఒళ్ళో ఉంది. ఏడుకొండలు పని లేక ఆఖరి వరసలో కూర్చున్నాడు. ఈ హాల్లో పెట్టె తన చెవితో ఏం చేస్తోందో చూద్దామని అప్పుడప్పుడు వస్తుంటాడు. తన తలలోంచి బయటపడ్డ వస్తువు తన అవసరం లేకుండా పని చెయ్యడం చూస్తే ఒళ్ళు మండేది. చూడకుండా ఉండబుద్ధీ అయ్యేది కాదు.

జగన్నాథం పద్యం ఎత్తుకున్నాడు. రాగం తీసి, సాగదీసి, ఆఖరికి తాళం సమం మీదికి వచ్చి వాలాడు. హాలంతా లేచి "వన్స్ మోర్" అంది. పద్య నాటకానికి అది తప్పని మర్యాద. పెద్దాయన దణ్ణం పెట్టి, ఉత్సాహం పట్టలేక రెండడుగులు మైకు మీదికి వచ్చి, మళ్ళీ అందుకున్నాడు. వెనక తాళాలు కూడా జోరందుకున్నాయి.

పద్యం సగంలో ఉండగా పెద్దాయన కళ్ళు గట్టిగా మూసుకుపోయాయి. అది అభినయం కాదని ఏడుకొండలుకి తెలుసు. నోరు పద్యం పలుకుతోంది, మొహం మాత్రం పుల్ల గుచ్చినట్టు ముడుచుకుంది. హార్మోనియం అతను ఒక భుజం చెవి దాకా లేపాడు. ముందు వరసలో మూడేళ్ళ పిల్ల రెండు చెవులూ మూసుకుని గుక్కపట్టి ఏడవసాగింది.

ఏడుకొండలుకి ఏ కూతా వినపడలేదు. కానీ ఆ మూడు మొహాల్లో కూత కనిపించింది. మైకు సన్నగా, ఘోరంగా అరుస్తోంది. పెట్టెకి వినపడటం లేదు కాబట్టి తగ్గించడం లేదు. అది తన చెవి కదా, దానికెట్లా వినపడుతుంది?

అలవాటు కొద్దీ కృష్ణలీల వైపు చూశాడు, ముక్కు కోసం. ఆ పిల్ల గడ్డం కింద చెయ్యి పెట్టుకుని, చిరునవ్వుతో, పద్యం వింటోంది. ముక్కు ముడతపడలేదు.

ఏడుకొండలు లేచి నిలబడి హాలంతా చూశాడు. పరిషత్తు కార్యదర్శి తల ఊపుతున్నాడు. నాటకం ఒక్కటీ వదలని రిటైర్డు టీచర్లు, టికెట్లు చింపే కుర్రాళ్ళు, హాలు ఊడ్చే రావమ్మ, రోజూ వచ్చేవాళ్ళు రెండొందల మంది హాయిగా కూర్చుని ఉన్నారు. పైవూరి నుంచి వచ్చినవాళ్ళవి తప్ప ఒక్క ముక్కూ ముడతపడలేదు.

సాయంత్రం ఇంటి దగ్గర అటక మీది తాళాలు దించాడు.

"ఏంది మావయ్యా, భజనకి పోతన్నావా?"

"ఊరికే. చిన్నప్పటి ఆట. ఆగినప్పుడు చెప్పు."

తాళాలు కొట్టి లోపల లెక్కపెట్టాడు. ఒకటి, రెండు, మూడు, నాలుగు. అతనికి మోత ఆగిపోయింది.

"ఆగింది" అంది కృష్ణలీల.

"సరిగ్గా విను."

మళ్ళీ కొట్టాడు. మళ్ళీ నాలుగు దగ్గర, ఇద్దరికీ ఒకేసారి ఆగింది.

"తాళాలు తుప్పు పట్టినయ్యి" అంది ఆ పిల్ల. వంటింట్లోంచి వజ్రమ్మ అరిచింది. "తుప్పేంది, ఇంకా మోగుతుంటే? చేత్తో పట్టుకోండి, తల పోటొస్తంది."

ఏడుకొండలు తాళాలు చేత్తో పట్టుకుని మోత ఆపాడు.

మర్నాడు మొదటి బస్సుకి గుంటూరు పోయాడు. ఫణిభూషణ్ ఎదురొచ్చి, "ఏడుకొండలు గారూ, పేరు సంగతేనా? తరవాతి రకం మీద మీ ఫోటో వేయిద్దామని..." అన్నాడు.

"సుగుణమ్మ గారిని పిలవండి. అద్దానికి దుప్పటి కట్టించండి. మళ్ళీ పరీక్ష చెయ్యండి."

దుప్పటి కట్టారు. గాజులు కనపడలేదు. కాగితం బయటికి వచ్చింది. గీత చక్కగా నడిచి నడిచి, నాలుగు వేల దగ్గర దిగుడుబావిలోకి పడిపోయింది. అప్పట్లో తెర మీద కొండ ఎక్కడ లేచిందో, ఇక్కడ బావి సరిగ్గా అక్కడే ఉంది. బోర్లిస్తే సరిపోయేట్టుంది.

ఫణిభూషణ్ ఆ కాగితాన్ని తలకిందులుగా తిప్పి పట్టుకున్నాడు. "మెరుపు" అన్నాడు.

"మెరుపు కాదు సార్, చిల్లు. గింజలు కొలిచే మానిక అడుగున చిల్లుంటే నిండిందాకా పోస్తానే ఉంటారు. ఇంట్లో వాళ్ళకి కొలత బాగుందనిపిచ్చుద్ది. గాదె ఖాళీ అవుతుంటది. మీ పెట్టె నా చెవి నిండిందాకా పోస్తంది. నా చెవి నిండదు."

"గాజులు చూసి వేలెత్తారా?"

"ఎత్తాను."

"ఎందుకు?"

"చెవుడని తెలిస్తే మైకు మనిషిని ఎవడు పిలుస్తాడండీ? చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టు అని సామెత కూడా ఉంది. ఇక్కడ చెవిటివాడే శంఖం ఊదుతున్నాడు."

ఫణిభూషణ్ లేచి వెళ్ళి తనే అద్దాల గదిలో కూర్చున్నాడు. "నాకు చెయ్యండి సుగుణమ్మా." అతని కాగితంలోనూ బావి ఉంది, కాస్త లోతు తక్కువ. పెట్టెలు తయారుచేసి వినిచూసే కుర్రాళ్ళు అయిదుగురికీ చేశారు. అయిదు బావులు. ఎప్పుడూ పక్క గదిలో ఒంటరిగా పని చేసుకునే సుగుణమ్మకి ఒక్కదానికే గీత తిన్నగా వచ్చింది. ఆవిడ ఆ కాగితాలన్నీ చేతిలో పట్టుకుని, "సార్, మా అబ్బాయి కోచింగు కాలేజీలో ఉన్నాడు. అక్కడ మన పెట్టే ఉంది" అంది.

ఆవిడ బయటికి వెళ్ళాక ఫణిభూషణ్ గొంతు తగ్గించాడు.

"పోయిన చెవులు తిరిగిరావు. ఇకముందు పోకుండా చెయ్యగలను. కొత్త చెవి తీసుకుని, కొలత మెల్లగా మారుస్తాను. ఒక్కసారిగా తగ్గిస్తే జనం గోల చేస్తారు, అలవాటుపడ్డారు. ఏడాది పడుతుంది. ఈలోగా బయటికి పొక్కితే నేను మునుగుతాను. మీరు నాకన్నా ముందు మునుగుతారు. అయిదో పేజీ గుర్తుందా?"

"ఉంది."

"మీ చేను మీకుంటుంది. మీరు నోరు విప్పకపోతే చాలు."

"సోమవారం మా పిల్ల నూరు ఊళ్ళకి పోతంది."

"ఆ అమ్మాయికి వేరే పని చూస్తాను. ఆఫీసు పని."

తిరుగు బస్సులో ఏడుకొండలు చేను గురించే ఆలోచించాడు. మిరప మొక్కలు మోకాలి ఎత్తు వచ్చాయి. ఏడాదే కదా. ఏడాదిలో కాలేజీల్లో ఎంతమంది పిల్లలు? లెక్కలు రాక బడి మానేసినవాడికి ఆ లెక్క మాత్రం చిలకలూరిపేట దాటకముందే తేలిపోయింది.

కృష్ణలీల హాల్లో వైర్లు చుడుతోంది. మోచేతికి చుట్టకుండా, ఒక చుట్టు లోపలికి, ఒక చుట్టు బయటికి, మేనమామ నేర్పినట్టే. అతను ఎదురుగా నేల మీద కూర్చుని మొత్తం చెప్పాడు. ప్రభ, గాజులు, నూనె డబ్బా, ముక్కు.

ఆ పిల్ల చేతిలో వైరు ఆగింది.

"నా మొహం నీకు మీటరా మావయ్యా?"

అతను నేల మీది వైరు కొస ఏరి ఆమెకి అందించాడు.

"అన్నేళ్ళు నా ముక్కు చూసి బతికావు. నోరు తెరిచి ఒక్కసారి చెప్పలేకపోయావు. అయిదో పేజీ నేనేగా చదివింది. నీకు వర్తించదులే అన్నా. అప్పుడైనా..."

"అప్పుడు చెప్తే చేను వచ్చేది కాదే."

"ఇప్పుడు చెప్తే?"

"పోద్ది."

"మరి నాకెందుకు చెప్పావు? ఆయన ఊరుకోమన్నాడుగా."

"నిన్న నీ ముక్కు ముడతపడలేదే" అన్నాడు ఏడుకొండలు.

కృష్ణలీల వైరు చుట్టడం పూర్తి చేసి, ముడేసి, గోడకి తగిలించింది. అప్పుడు ఏడ్చింది, చప్పుడు లేకుండా. ఏడ్చాక వెళ్ళి పెట్టె ప్లగ్గు పీకేసింది.

శనివారం ముగింపు సభకి గోడల మీది స్పీకర్లు పలకలేదు. ఏడుకొండలు పాత హారన్లు రెండు, పాత మిక్సరు తెచ్చి పెట్టాడు. కార్యదర్శి ఉపన్యాసం మొదలుపెట్టగానే జనం గొణిగారు. "వినపడట్లా. పెంచవయ్యా. గుడ్డలో చుట్టి మాట్లాడినట్టుంది." వెనక నుంచి ఎవరో, "పాత మైకులు మళ్ళీ ఎవడు తెచ్చాడ్రా" అన్నారు. స్టేజీ పక్కన బెండి జగన్నాథం మాత్రం, "ఇప్పుడు బాగుంది బావూ. మొన్న చెవిలో దబ్బనం దిగింది" అన్నాడు.

ఏడుకొండలు మైకు ముందు నిలబడ్డాడు. ముప్పై ఆరేళ్ళలో పరీక్షకి తప్ప మైకులో మాట్లాడి ఎరగడు. నోరు తిరక్క "హలో, హలో" అన్నాడు. జనం నవ్వారు. "ఇప్పుడు మీకు బాగా వినపడట్లేదు కదా" అన్నాడు. "మైకు మంచిదే. తేడా మీ చెవుల్లో ఉంది. ఆ తేడా నాది." మిగిలిందంతా చెప్పాడు. తాళాలు కొట్టి చూపించాడు. ఆగినప్పుడు చేతులెత్తమన్నాడు. రోజూ వచ్చేవాళ్ళ చేతులన్నీ నాలుగు దగ్గర లేచాయి. పదకొండు దాకా చేతులు దించి కూర్చున్నది పైవూరి వాళ్ళూ, మూడేళ్ళ పిల్లా. ఆ పిల్ల ఆ తరవాత కూడా చెయ్యెత్తలేదు, తాళాల వైపే చూస్తూ కూర్చుంది.

వారంలో రెండు వందల పన్నెండు పెట్టెలూ ఆగాయి. ల్యాబుకి సీలు పడింది. ఫణిభూషణ్ అయిదో పేజీ బయటికి తీశాడు. అందుకు ఏడుకొండలు అతన్ని ఇప్పటికీ తిడతాడు. కానీ బస్టాండులో చెవి దొంగతనం మాట మానేశాడు.

యాత్ర పోయింది. జనం మధ్యలో కుర్చీ కృష్ణలీలకి దక్కలేదు. సుగుణమ్మ దగ్గర ఆర్నెల్లు కూర్చుని చెవి పరీక్ష నేర్చుకుంది. ఇప్పుడు సంచిలో మీటల డబ్బా వేసుకుని, ఎక్కడ పెద్ద కచేరీ ఉంటే అక్కడికి ముందుగా పోతుంది. మైకు వాళ్ళందర్నీ వరసగా కూర్చోబెట్టి పరీక్ష చేస్తుంది. మధ్యలో దుప్పటి కడుతుంది. ఎవడైనా "మనకెందుకు మేడం, ముప్పై ఏళ్ళ సర్వీసు" అంటే, "ముప్పై ఏళ్ళ సర్వీసా? అయితే రెండు దుప్పట్లు" అంటుంది. మిగతా రోజుల్లో మేనమామ పాత మిక్సరు దగ్గర కూర్చుని, మెడ నరం, మోచెయ్యి, హార్మోనియం వేళ్ళు చూడటం నేర్చుకుంటోంది.

చేను ఫణిభూషణ్‌కి అప్పజెప్పే ముందు కొలతకి మండలం నుంచి సర్వేయరు వచ్చిన రోజు ఇద్దరూ వెళ్ళారు. గొలుసు లాగే మనిషి గట్టు గట్టూ తిరిగి రాళ్ళు చూపించేసరికి పొద్దు వాలింది. మిరప చేను ఎర్రబడుతోంది. గాలి లేదు. ఏడుకొండలుకి చేను చాలా నిశ్శబ్దంగా అనిపించింది. కృష్ణలీల వైపు చూశాడు. ఆమె గొలుసు మనిషి వైపు చూస్తోంది.

"అన్నా, కీచురాళ్ళు అరుస్తన్నయ్యా?" అని అడిగింది.

అతను గొలుసు మడుస్తూ వింతగా చూశాడు. "అదేందమ్మా, చెవులు గింగుర్లెత్తిపోతుంటే."

మామాకోడళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ముందు ఆ పిల్లే నవ్వింది. తరవాత ఇద్దరూ గట్టు మీద కూర్చుని, గొలుసు మనిషి మొహం వైపు చూస్తూ, ఆ చప్పుడు విన్నారు. సర్వేయరు కాగితం మీద లెక్క రాసి ఏడుకొండలు చేతికిచ్చాడు. సర్వే నంబరు రెండు వందల పద్దెనిమిది, రెండో భాగం. ఎకరం ముప్పై నాలుగు సెంట్లు.